ఉప్పు తక్కువైన డీవీడీ

మీ ఇంట్లో అటక మీద ఒక అట్టపెట్టె ఉండే ఉంటుంది. పాత ఛార్జర్లు, తెగిన వైర్లు, ఏ టీవీవో తెలియని రిమోట్లు, అలాంటివన్నీ వేసేది. మాకూ ఉంది. కాకపోతే మా పెట్టెలో అన్నిటికంటే పైన డీవీడీలుంటాయి, ఓ నలభై దాకా. ఒకటి తప్ప ఏదీ సరిగ్గా ఆడదు. ప్రతిదాని మీదా నా చేతిరాతే. మొదటిదాని మీద "ఫైనల్" అని రాసుంటుంది. తర్వాతి వాటి మీద "ఫైనల్ 2", "అసలు ఫైనల్", "ఇదే ఫైనల్". అట్టడుగున "ఒట్టు, ఫైనల్".

మొన్న దీపావళికి బూజులు దులుపుతూ మా ఆవిడ ఆ పెట్టె కిందికి దించింది. "పారేద్దామా? లేక మళ్లీ ఎవరి పెళ్లయినా ఉందా?" అంది. ఏమీ వినపడనట్టు పేపర్లో తల పెట్టేశాను. పేపరు తిరగేసి పట్టుకున్నానని తర్వాత మా అమ్మాయి చెప్పింది.

మేం ఉండేది హైదరాబాద్ బొగ్గులకుంటలో. నా ఉద్యోగం నాంపల్లిలో, ఒక ప్రభుత్వ కార్యాలయంలో. రెండిటికీ నడుమ అబిడ్స్. నా జేబుకి పడిన చిల్లులన్నిటికీ ఈ భూగోళమే కారణమని మా ఆవిడ సిద్ధాంతం. ఆరో నిజాం దగ్గర కొలువు చేసిన ఆల్బర్ట్ ఆబిద్ అనే ఆర్మీనియన్ ఇక్కడ దుకాణం పెట్టబట్టి దీనికి అబిడ్స్ అని పేరొచ్చిందంటారు. ఆయన ఆ దుకాణమేదో ఇంకో నాలుగు మైళ్ల అవతల పెట్టి ఉంటే మా సంసారం బాగుపడేదని ఆవిడ బాధ.

అసలు కథ 2009 మే నెలలో, బెజవాడలో మొదలైంది. మా మరదలి పెళ్లి. అప్పటికి కొన్నాళ్ల ముందే అమెరికా నుంచి వచ్చిన మా తమ్ముడు నాకో కెమెరా ఇచ్చి వెళ్లాడు. మినీ డీవీ టేపులు వేసుకునేది. చేతికి కెమెరా వచ్చిన మగవాడికి తల ఎక్కడుంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. "వీడియోవాడెందుకు మావయ్యా దండగ, నేను లేనూ?" అన్నాను. మా మామగారు మొహమాటస్తుడు. అడ్వాన్సు ఇచ్చిన వీడియోవాణ్ణి మాన్పించేశారు. అంటే ఆ పెళ్లికి కదిలే సాక్ష్యం అంటూ ఉంటే అది నా దగ్గరున్న మూడు టేపులే. ఒక్కోటి గంట.

తిరిగొచ్చాక మా ఆవిడ సులువైన దారి చెప్పింది. "అబిడ్స్‌లో ఏ షాపులో ఇచ్చినా డీవీడీ చేసిస్తారు. ఇచ్చేద్దాం." నేను ససేమిరా అన్నాను. ఎడిటింగ్ అనేది ఒక కళ అన్నాను. మన పెళ్లిని మనకంటే బాగా ఎవరు కత్తిరిస్తారు అన్నాను. "మన పెళ్లిని మీరు రోజూ కత్తిరిస్తూనే ఉన్నారు" అంది ఆవిడ. అయితే నా పట్టుదలకి కళ కాక ఇంకో కారణం ఉంది. దాన్ని కాసేపు నా దగ్గరే ఉంచుకోనివ్వండి.

టేపులోది కంప్యూటర్లోకి తేవాలంటే ఫైర్‌వైర్ అనే పోర్టు ఉండాలట. మా కంప్యూటర్‌కి లేదు. అబిడ్స్ జగదీష్ మార్కెట్ దగ్గర సందులో ఓ చిన్న షాపులో ఆ కార్డు కొన్నాను. కౌంటర్లో ఇరవయ్యేళ్ల కుర్రాడు. తర్వాతి ఏడాది పొడుగునా నాకు గురువు, వైద్యుడు అతనే. మొదటి రోజే హెచ్చరించాడు: "సార్, టేపు ఎంత సేపుంటే అంత సేపు పడ్తది లోపలికి రానీకి. జల్దీ చేయకుండ్రి."

చేయలేదు. అయినా మొదటి టేపు 18, 19 నిమిషాల దగ్గర ఠపీమని ఆగిపోయింది. మళ్లీ పెట్టాను. మళ్లీ అక్కడే, సరిగ్గా కన్యాదానం ముందు. మా మామగారు చెంబు ఎత్తుతారు, నీళ్లు పడవు. మూడు రోజులు కెమెరాని, టేపుని, మా తమ్ముణ్ణి, అమెరికాని వరసగా తిట్టుకున్నాక కుర్రాడి దగ్గరికెళ్తే ఒక్కటే అడిగాడు. "హార్డ్ డిస్క్ ఫ్యాట్ థర్టీటూలో ఉన్నదా?" ఆ పాత పద్ధతిలో ఒక్క ఫైలు 4 జీబీ దాటకూడదట. మినీ డీవీ గంటకి 13 జీబీ తింటుంది. లెక్క వేసుకోండి, 18 నిమిషాలు దాటగానే దాని కడుపు నిండిపోతుంది. ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే ఇంకో పద్ధతిలోకి మార్చాక చెంబులోంచి నీళ్లు పడ్డాయి.

నెల రోజులు రాత్రిళ్లు కూర్చుని ఎడిటింగ్ చేశాను. బొమ్మ కరిగి బొమ్మ వచ్చేవి, గిర్రున తిరిగి వచ్చేవి, పువ్వులా విచ్చుకునేవి... సాఫ్ట్‌వేర్‌లో ఎన్ని హంగులున్నాయో అన్నీ వాడాను. డబ్బులిచ్చి కొన్నాం కదా, వదిలేస్తామా? ఆషాఢమాసం వచ్చింది, కొత్త పెళ్లికూతురు పుట్టింటికి చేరింది. ఇదే అదను అనుకుని మొదటి డిస్కు రైట్ చేశాను. అరనిమిషంలో అయిపోయింది! ఎంత గొప్ప కంప్యూటరో అనుకున్నాను. నాంపల్లి స్టేషన్లో చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి డిస్కుని ఒళ్లో పెట్టుకుని బెజవాడ తీసుకెళ్లాను, గంగ చెంబుని తెచ్చినట్టు.

పాతికమంది చుట్టాలు హాల్లో కూర్చున్నారు. కొందరు ఇరుగుపొరుగు నుంచి కుర్చీలు కూడా తెచ్చుకున్నారు. ప్లేయర్ డిస్కుని మింగింది, కాసేపు నమిలింది, ఉమ్మేసింది. మళ్లీ పెట్టాను, మళ్లీ ఉమ్మింది. టీవీ మీద ఏదో పాడు అక్షరాలు. మా అత్తగారు అందరికీ రెండోసారి కాఫీ ఇచ్చారు. మూడోసారి ఇచ్చేసరికి చుట్టాలు కుర్చీలు తీసుకుని వెళ్లిపోయారు.

హైదరాబాద్ వచ్చాక తెలిసింది నేను చేసిన ఘనకార్యం. నేను డిస్కులోకి పంపింది వీడియో కాదు. ప్రాజెక్టు ఫైలు. అంటే ఏ ముక్క తర్వాత ఏ ముక్క రావాలి, ఎక్కడ పువ్వు విచ్చుకోవాలి అని రాసుకున్న చిట్టా. అందులో బొమ్మ ఉండదు. ముందు సాఫ్ట్‌వేర్ ఆ చిట్టా చూసి మొత్తం వీడియోని ఎంపెగ్-2 లోకి వండాలి, తర్వాత వీడియో డిస్కు అడిగిన తీరున పళ్లెంలో సర్దాలి, అప్పుడు డిస్కు మీదికి ఎక్కించాలి. ఇదంతా మా ఆవిడకి వివరించాను. ఆవిడ చేతిలో గరిటె ఉంది.

"అంటే వంట వండకుండా, వంటల పుస్తకం తీసుకెళ్లి మా వాళ్లకి వడ్డించారన్నమాట" అంది.

ఇన్నేళ్లయింది, ఆ సంగతి ఇంతకంటే స్పష్టంగా చెప్పిన కంప్యూటర్ పుస్తకం నేను చూడలేదు. చూడలేదని ఎందుకంటున్నానంటే, అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద దొరికే కంప్యూటర్ పుస్తకాలన్నీ నేనే కొన్నాను గనక. ఆదివారం డిస్కుల కోసం బయలుదేరేవాణ్ణి. షాపులు మూసి ఉంటాయని ప్రతి ఆదివారమూ మర్చిపోయేవాణ్ణి. మూసిన షట్టర్ల ముందు పాత పుస్తకాలు పరిచి ఉంటాయి కదా. వట్టి చేతులతో ఎలా పోతాం? ఇటుకరాయంత మాన్యువల్ ఒకటి పట్టుకొచ్చేవాణ్ణి. అది ఎప్పుడూ నా సాఫ్ట్‌వేర్‌కి రెండు వెర్షన్ల ముందుదో, అసలు వేరే సాఫ్ట్‌వేర్‌దో అయ్యేది. ఆ సంక్రాంతికి మా ఆవిడ వాటిని తూకానికి వేసింది. పదకొండు కేజీల జ్ఞానం.

రెండో డిస్కు వండటం మొదలుపెట్టాను. ఎనిమిది గంటలు పట్టింది. ఫ్యాను గాలి అంతా కంప్యూటర్‌కే. వండి డిస్కులో పోయబోతే పట్టదంది. డబ్బా మీద 4.7 జీబీ అని ఉంది, నా వీడియో 4.5. ఎందుకు పట్టదు? కంపెనీని తిట్టబోతుంటే ఎనిమిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి వచ్చి, "నాన్నా, వాళ్లు వెయ్యి చొప్పున లెక్కపెడతారు. కంప్యూటర్ 1024 చొప్పున లెక్కపెడుతుంది. నీ కంప్యూటర్ లెక్కలో అది 4.37 మాత్రమే" అని చెప్పి గోళ్లరంగు వేసుకోవడానికి వెళ్లిపోయింది. "పాలవాడి లీటరు లాగన్నమాట" అంది మా ఆవిడ వంటింట్లోంచి. రెండు గంటల పెళ్లి ఒక డిస్కులో పట్టాలంటే సెకనుకి 5 మెగాబిట్లు దాటకూడదు. నేనేమో క్వాలిటీ దగ్గర మీటరు ఎంత వరకు పోతే అంత వరకు లాగేవాణ్ణి. పెళ్లి భోజనంలో కూడా నా అలవాటు అదేనని ఎవరో అన్నారు. ఎవరో ఏమిటి, ఆవిడే.

పట్టించాక డిస్కు మా ప్లేయర్లో ఆడింది, బెజవాడ ప్లేయర్లో ఆడలేదు. ఈ రైట్ చేసే డీవీడీల్లో మైనస్ రకం, ప్లస్ రకం అని రెండున్నాయి. మైనస్ 1997లో పయొనీర్ వాళ్లు తెచ్చారు, ప్లస్ ఆ తర్వాత ఇంకో జట్టు కంపెనీలు తెచ్చాయి. మా అత్తగారింట్లో పాత ప్లేయర్ ప్లస్‌ని దగ్గరికి రానివ్వలేదు. అల్లుణ్ణి ఎంచుకోవడంలోనే తెలుస్తోంది కదా, వాళ్లకి మైనస్సే పడుతుంది.

సరే, మైనస్ పట్టుకెళ్లాను. ఈసారి బొమ్మ వచ్చింది. నల్లగా, తెల్లగా వచ్చింది. పెళ్లికూతురి ఎర్రంచు పట్టుచీర, మామిడాకులు, పసుపు, కుంకుమ... అన్నీ బొగ్గు, సున్నం. మా తమ్ముడి కెమెరా అమెరికాది గనక ఎన్‌టీఎస్‌సీ, సెకనుకి 30 ఫ్రేములకి చిటికెడు తక్కువ. మన టీవీలది పాల్, 25 ఫ్రేములు. మా మామగారి పాత టీవీకి ఆ అమెరికా రంగుల భాష తెలియదు. ఇక్కడొక విధి విలాసం గమనించాలి. సరిగ్గా ఆ రోజుల్లోనే, 2010 జనవరి ఆఖరున, 1957 నాటి మాయాబజార్‌కి రంగులద్ది మళ్లీ విడుదల చేశారు. దేశమంతా ఆ రంగులు చూసి మురిసిపోతోంది. నేనొక్కణ్ణే ఎదురు దిక్కుకి పోయి, రంగుల పెళ్లిని తెలుపూ నలుపూ చేసి వడ్డించాను. "ఘటోత్కచుడి మాయకి కూడా ఇంత శక్తి లేదు బాబూ" అన్నారు మా మామగారు. ఆయన మొహమాటస్తుడని ముందే చెప్పాను. అంటే ఎంత కోపం వస్తే ఆ మాట అని ఉంటారో చూడండి.

ప్రతి ఓటమి తర్వాతా జగదీష్ మార్కెట్ సందుకి వెళ్లేవాణ్ణి. కుర్రాడు ఓపిగ్గా చెప్పేవాడు. "సార్, మీరు ఎన్‌టీఎస్‌సీ కొట్టిండ్రు, పాల్ కొట్టాలె." "సార్, ఫీల్డ్ ఆర్డర్ ఉల్టా అయ్యింది." ఈ ఫీల్డ్ ఆర్డర్ సంగతి మీకు చెప్పాలి. పాత టీవీ ఒక్కో బొమ్మనీ రెండు విడతల్లో గీస్తుంది, బేసి గీతలు ఒకసారి, సరి గీతలు ఒకసారి. మినీ డీవీలో కింది గీతలు ముందు. నేను పైవి ముందని టిక్కు పెట్టాను. కదలనంతసేపూ అందరూ బాగానే ఉన్నారు. కదిలితే చాలు, ముందుకీ వెనక్కీ దడదడలాడేవారు. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు పెళ్లికొడుకు చెయ్యి అలా ఇలా వణకలేదు. "అబ్బాయికి ఏమైనా జబ్బుందా?" అని మా ఎదురింటావిడ మెల్లిగా అడిగింది. అతనో బ్యాంకు ఆఫీసరు, చేతులు రాయిలా ఉంటాయి.

ఆ కుర్రాడి గురించి ఒక్క విచిత్రం. మొదట్లో గౌరవంగానే ఉండేవాడు. కొన్నాళ్లకి, ఎందుకోగానీ, నేను షాపు మెట్లెక్కగానే నా కాళ్ల వైపు చూసి నవ్వు ఆపుకునేవాడు. చెప్పులు పాతబడ్డాయి కాబోలనుకుని కొత్తవి కొన్నాను. కొత్తవాటిని చూసి ఇంకా నవ్వాడు.

దాదాపు ఆ రోజుల్లోనే బెజవాడలో నాకు మర్యాద పెరిగింది. దసరాకి వెళ్తే మా అత్తగారు నా విస్తరి పక్కన ప్రత్యేకంగా ఉప్పుగిన్నె, కారంగిన్నె పెట్టించారు. ఒక్క నాకే. కూర వడ్డించగానే "ఉప్పు చూడండి అల్లుడుగారూ, సరిపోయిందా?" అని మెత్తగా అడిగేవారు. సంక్రాంతికీ అంతే. చూశావా, కెమెరా పట్టుకున్న అల్లుడంటే వేరే లెక్క అని మా ఆవిడతో గొప్పలు పోయాను. ఆవిడ పెరుగన్నం కలుపుకుంటూ ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనలేదంటే నేను జాగ్రత్త పడాలి. పదిహేనేళ్ల సంసారంలో ఆ ఒక్క పాఠమే ఒంటబట్టలేదు.

ఇప్పుడు ఆ రెండో కారణం చెబుతాను. మీ దగ్గర దాపరికం ఏమిటి.

ఈ కెమెరాకి ఎర్ర బొత్తాం ఒకటే. ఒకసారి నొక్కితే రికార్డు, మళ్లీ నొక్కితే ఆగుతుంది. ఒక నొక్కు లెక్క తప్పితే అక్కణ్ణుంచి అంతా తారుమారు. కెమెరా ఎత్తి తీస్తున్నాననుకున్నప్పుడు ఆగి ఉంటుంది, ఆపేశాననుకుని చేతికి వేలాడదీసినప్పుడు శుభ్రంగా తిరుగుతుంది. పెళ్లి భోజనాల వేళ నాకు జరిగింది అదే. రెండో టేపులో పదకొండు నిమిషాలు నా కాళ్లు, నా పంచె అంచు, అరటాకు కొస, ఎవరిదో బొటనవేలు. బొమ్మ అంతే. కానీ మాట మాత్రం గంట కొట్టినట్టు వినిపిస్తుంది. నా పక్కన కూర్చున్న మా తోడల్లుడితో నేనన్న మాటలు. వంటవాళ్లని పక్కకి జరిపి మా అత్తగారు తనే దగ్గరుండి చేయించిన గుత్తివంకాయ కూర గురించి.

"ఉప్పు లేదు, కారం లేదు అన్నగారూ. మా అత్తగారి మాటలో ఉన్న కారం సగం ఈ కూరలో వేసినా తినగలిగేవాళ్లం."

ఇలాంటివి పదకొండు నిమిషాలు. మా తోడల్లుడు గడుసువాడు. ఒక్క ముక్క మాట్లాడలేదు. టేపులో ఆయన వైపు నుంచి నమిలిన చప్పుడు తప్ప ఏమీ లేదు. ఇప్పుడు చెప్పండి, ఈ టేపుని నేను ఏ షాపువాడికైనా ఎలా ఇస్తాను? అందుకే కళ, కత్తెర అన్నాను. మొట్టమొదటి రాత్రే ఆ పదకొండు నిమిషాలూ కోసి పారేసి, హాయిగా పడుకున్నాను.

ఇక నుమాయిష్ కథ. జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో జరుగుతుంది కదా, 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలైనది. ఏటా మా వాళ్లు గాజులు, చెప్పులు, ఊరగాయ జాడీలు కొంటారు. ఆ ఏడు నేను ఓ మూల స్టాల్లో యాభై డీవీడీల డబ్బా ఒకటి, పేరూ ఊరూ లేనిది, సగం ధరకే కొట్టేశాను. మెరుగు చూస్తే వెండి పళ్లేలే. ఇంటికొచ్చి మొదటిది పెట్టాను. పది శాతం, యాభై, తొంభై... 99 దగ్గర ఆగింది. ఏనుగు వెళ్లి తోక చిక్కినట్టు. అర్ధరాత్రి రెండింటి దాకా ఆ ఒక్క శాతం వైపు చూస్తూ కూర్చున్నాను. మీరూ ఎప్పుడో ఒకప్పుడు అలా కూర్చునే ఉంటారు. కదులుతోందేమో అని మెడ ముందుకి చాచి, ఊపిరి బిగబట్టి, మౌసు ముట్టుకుంటే ఏమవుతుందో అని చేతులు కట్టుకుని. రెండుంపావుకి తలుపు తెరుచుకుని డిస్కు బయటికొచ్చింది. ఎర్రర్.

డిస్కు మీద గీత లోపలి నుంచి మొదలై చుట్టలు చుట్టుకుంటూ అంచు దాకా పోతుంది. సాగదీస్తే దాదాపు 12 కిలోమీటర్లట, నాంపల్లిలో మొదలుపెడితే సికింద్రాబాద్ దాటిపోవచ్చు. లోపల ఒక రంగుపూత ఉంటుంది, లేజరు దాన్ని కాల్చి గుర్తులు పెడుతుంది. ఒకసారి కాలితే అంతే, మూడు ముళ్లు పడ్డట్టే, మార్చడం లేదు. చవక డిస్కుల్లో ఆ పూత అంచుల దగ్గర సమంగా ఉండదు. బండి అంచు దాకా వచ్చాక జారుతుంది. అందులోనూ నేను 16ఎక్స్ వేగంలో పరుగెత్తించాను. "నాన్నా, ఫోర్ ఎక్స్‌లో పెట్టు. పావుగంటే కదా, అంత తొందరేమిటి, పెళ్లయి తొమ్మిది నెలలైంది" అంది మా అమ్మాయి.

నాలుగులో పెడితే ఒకటి పూర్తయింది. ఆనందం పట్టలేక వధూవరుల ఫొటోతో స్టిక్కరు అచ్చు వేయించి దాని మీద అంటించాను. వెంట్రుకవాసి పక్కకి పడింది. ఆ స్టిక్కరు బరువుకి డిస్కు తిరిగేటప్పుడు ఊగేది. ఊగితే ముందు దెబ్బ తినేది అంచే. అంచులో ఉండేది పెళ్లి చివరి ఘట్టం, అప్పగింతలు. బెజవాడలో ఎన్నిసార్లు వేసినా మా మరదలు కళ్లు తుడుచుకుంటూ గుమ్మం దగ్గరికి వస్తుంది, అక్కడ ముక్కలు ముక్కలై నిలబడిపోతుంది. "మా చిన్నమ్మాయి ఇంకా పందిట్లోనే ఉందండీ అల్లుడుగారూ" అని మా అత్తగారు ఫోన్లో చెప్పేవారు. నేను ఆ ముడి విప్పేసరికి పిల్ల కాన్పుకి పుట్టింటికి తిరిగి రానే వచ్చింది.

ఈ మధ్యలో మా ఆవిడ బజారు నుంచి మోజర్ బేర్ వాళ్ల సినిమా డీవీడీ ఒకటి తెచ్చి నా కీబోర్డు మీద పెట్టింది. వెనకాల ధర, 34 రూపాయలు. "హీరో, హీరోయిన్, పాటలు, ఫైట్లు, రెండున్నర గంటలు. ముప్పై నాలుగు రూపాయలు. మీరు ముప్పై నాలుగు డిస్కులు తగలేశారు" అంది. ఫ్యాక్టరీలో డిస్కుని అచ్చు గుద్దుతారు, మనం కాలుస్తాం, రెండూ వేరు అని చెప్పబోయాను. "కాలుస్తున్న సంగతి కనబడుతూనే ఉంది" అంది. పాడైన డిస్కులు బాల్కనీలో పావురాలు రాకుండా దారాలకి కట్టింది. పావురాలు వాటిలో ముఖం చూసుకుని ఇంకో నలుగురిని వెంటబెట్టుకొచ్చాయి. కంప్యూటర్లో ఆ డ్రైవుని డీవీడీ రైటర్ అంటారు. నేనూ అప్పుడప్పుడూ పత్రికలకి రాస్తుంటాను. అలా మా ఇంట్లో ఇద్దరు రైటర్లం, ఇద్దరం రాసిందీ ఎవరూ చదవలేకపోయారు.

ఆఖరికి 2010 జూన్‌లో, బారసాల నాటికి, "ఒట్టు, ఫైనల్" తయారైంది. పాల్, మైనస్, నాలుగు వేగం, స్టిక్కరు లేదు. మా ఇంట్లో మూడుసార్లు మొదటి నుంచి చివరి దాకా వేసి చూశాను. అప్పగింతలు అయ్యాయి, కారు కదిలింది. ఒకే ఒక్క లోపం. కెమెరాలో వెడల్పు బొమ్మగా తీసినదాన్ని నేను మామూలు బొమ్మ అని టిక్కు పెట్టాను. దాంతో అందరూ అటూఇటూ నొక్కినట్టు పొడుగ్గా, సన్నగా కనిపించారు. పెళ్లికొడుకు అగరొత్తిలా ఉన్నాడు. మార్చవచ్చు, ఒక్క టిక్కు, ఎనిమిది గంటలు. కానీ ఒకచోట మా తోడల్లుడు కెమెరా తీసుకుని నన్ను తీశారు. ఆ బొమ్మలో నాకు పొట్ట లేదు! పాతికేళ్లప్పుడు కూడా నేను అలా లేను. మార్చలేదు. ఆవిడ పసిగట్టింది. "మిమ్మల్ని సన్నగా చూడటానికి రెండొందల మందిని ఎండగట్టారన్నమాట" అంది.

బారసాల అయ్యాక హాలు నిండా జనం. డిస్కు పెట్టాను. టీవీ కొత్తది, వెడల్పుది. మా మామగారు మనవడి కోసం కొన్నారట. అది నా నొక్కుడు బొమ్మని అటూఇటూ లాగి ఎవరి ఆకారం వాళ్లకి ఇచ్చేసింది. నా పొట్ట నాకొచ్చింది. పోనీలెండి. బొమ్మ ఆగలేదు, వణకలేదు, రంగులున్నాయి. అప్పగింతల దగ్గర మా మరదలు ఒళ్లో పిల్లాడితో తనని తాను చూసుకుని ఏడ్చింది. కారు వీధి మలుపు తిరిగింది. "శుభం" అని అక్షరాలు పడ్డాయి, పువ్వులా విచ్చుకుని. చప్పట్లు కొట్టారు కూడా. నేను వినయంగా తల వంచాను.

అప్పుడు పడక్కుర్చీలోంచి, ఎనభై దాటిన మా అత్తగారి పిన్ని, గట్టిగా అడిగింది. ఆవిడకి చెవుడు, అందుకని అందరికీ చెవుడనుకుంటుంది.

"అన్నీ బాగానే ఉన్నాయి గానీ, ఆ కాళ్ల సీను తీసేశారేమే?"

హాల్లో ఎవరూ ఎవరి వైపూ చూడలేదు. మా మామగారు రిమోట్‌లో సెల్లులు తీసి మళ్లీ వేశారు. మా అమ్మాయి పమిట అడ్డం పెట్టుకుంది. అది ఆ రోజే మొదటిసారి ఓణీ వేసుకుంది.

వంటింటి గుమ్మంలో మా ఆవిణ్ణి పట్టుకున్నాను. దాచలేదు. అంతకు ముందు శ్రావణమాసంలోనే, వరలక్ష్మీ వ్రతానికి జాకెట్టు ముక్కలు కొనడానికి అబిడ్స్ వెళ్తూ మూడు టేపులూ సంచీలో వేసుకెళ్లిందట. వారంలో డీవీడీలు ఇచ్చారట. బెజవాడకి కొరియర్లో వెళ్లాయట. దసరాకి ముందే ఊరంతా చూసేశారట.

"ఏ షాపు?" అన్నాను. అడగకుండా ఉండాల్సింది.

"జగదీష్ మార్కెట్ సందులో, ఆ చిన్న షాపు. పాపం ఆ అబ్బాయి మంచివాడు. మధ్యలో పదకొండు నిమిషాలు ఉత్త కాళ్లే ఉన్నాయి మేడమ్, తీసెయ్యాల్నా అని అడిగాడు. వద్దులే బాబూ, సారు కష్టపడి తీసింది, ఉండనివ్వు అన్నాను."

"మరి నాతో చెప్పవేం? ఏడాది పొడుగునా..."

"రాత్రిళ్లు ఒకచోట కూర్చుంటున్నారు కదా" అంది, అప్పడాల పళ్లెం అందుకుంటూ.

భోజనాలకి పిలిచారు. నన్నూ తోడల్లుణ్ణీ పక్కపక్కన కూర్చోబెట్టారు. విస్తరి పక్కన ఉప్పుగిన్నె, కారంగిన్నె యథాప్రకారం ఉన్నాయి. మా అత్తగారే స్వయంగా వచ్చి గుత్తివంకాయ కూర వడ్డించారు. ఒక కాయ కాదు, నాలుగు. వంగి, మెత్తగా, "ఉప్పు చూడండి అల్లుడుగారూ" అన్నారు.

సరిపోయిందన్నాను. చాలా బాగుందన్నాను. ఇంత మంచి కూర నా జన్మలో తినలేదన్నాను. సాయం కోసం మా తోడల్లుడి వైపు తిరిగాను. ఆయన నములుతున్నారు.